వేషము మారుట, మనిషి మారుట

మనుష్యుడు మారగలడా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. మారితీరవలెనను ఆజ్ఞ మాత్రము నవీనమైనది. నేడు మన పట్టణములలో పుస్తకములమ్ము ఏ యంగడి ముందు నిలిచినను వ్యక్తిత్వవికాసమను పేరుగల గ్రంథములు బారులు తీరి కనబడును. అవి చెప్పునది యొక్కటే మాట: నిన్నటి నిన్ను విడువుము, క్రొత్త నిన్ను కట్టుకొనుము. కొన్ని గ్రంథములు ఇన్ని దినములలో మారవలెనని గడువు కూడ విధించును. శామ్యూల్ స్మైల్సు అను స్కాట్లండు దేశీయుడు స్వయంకృషిని గూర్చి 1859వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథము ఈ వంశమునకు పూర్వులలో ముఖ్యమైనది. ఆయన కుమ్మరుల కథలను, నేతగాండ్ర కథలను, యంత్రములు కల్పించినవారి కథలను చెప్పి, ఏండ్లకొలది చేసిన శ్రమవలన మనుష్యుడు పైకి వచ్చునని నిరూపింప జూచెను. ఆ సంతతి పెరుగుచు వచ్చినకొలది శ్రమ తగ్గినది, దర్పణము పెద్దదైనది. అద్దము ముందు నిలిచి నేను మారితిని అని పలుకుటయే మార్పులో సగమని చెప్పువరకు వచ్చినది.

మేము టెక్కలి ప్రాంతమున ఇరువదేండ్లుగా బాలురకు పాఠములు చెప్పుకొనుచున్నవారము. వయస్సు నలుబది దాటినది. మాయొద్ద చదివినవారిలో అనేకులు విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును, గల్ఫు దేశములకును పోయి, మారి వచ్చుచున్నారు. మార్పును నిందించుటకు మే మీ వ్యాసమును వ్రాయుటలేదు. మారనొల్లనివాడు పాఠశాలకు రానక్కరలేదు. మార్పును నమ్మనివాడు ఉపాధ్యాయుడు కానక్కరలేదు. కాని మార్పులన్నియు నొక్క జాతివి కావు. కావ్యమునకు గుణదోషవిచారణ యున్నట్లే మార్పునకును ఉండవలెను. మారినవానిని చూచి, వాడేమి పొందెనని అడుగుట లోకము రీతి. వాడేమి విడిచెను, ఏమి నిలుపుకొనెను, ఆ మార్పునకు వెల యెవరు చెల్లించిరి అని అడుగుట విమర్శకుని రీతి. ఈ మూడు ప్రశ్నలకు ఉదాహరణములు వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. కళింగసీమలోనే అవి పుష్కలముగా నున్నవి.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడినది. బాలికలను ధనమునకు అమ్ముకొను దురాచారమును ఖండించు నాటకముగా దానిని చదువుట పరిపాటి. అది సరియే. కాని దానినే వేషముల నాటకముగా చదివినచో మఱియొక యర్థము బయటపడును. అందు ఒక బాలుడు ఆడువేషము వేసికొని ముదుసలి వరుడైన లుబ్ధావధానులకు పెండ్లికూతురగును. మధురవాణి యను వేశ్య మగవేషము వేసికొని వకీలైన సౌజన్యారావు పంతులుగారి యింటికి పోవును. గిరీశము మాత్రము ఏ వేషమును వేయడు. వానికి వేషముతో పనిలేదు. మాటయే వాని వేషము.

గిరీశము చర్యలను వరుసగా గమనింపుడు. విజయనగరమున నిలువ వీలుగాక శిష్యుని వెంట అగ్రహారమునకు బయలుదేరును. వెంకటేశమునకు ఆంగ్లవిద్యానిధి, అగ్నిహోత్రావధానులకు కోర్టువ్యవహారములు తెలిసిన సహాయుడు, బాలవితంతువైన బుచ్చమ్మకు స్త్రీజనోద్ధారకుడు, సౌజన్యారావుగారికి సంఘసంస్కర్త. ఊరు మారినప్పుడెల్ల వానికి నూతనజన్మమే. పాత ఊరిలో మిగిలినవి అప్పులు, ఇచ్చిన మాటలు, మోసపోయిన మనుష్యులు. నేటి వికాసగ్రంథములు కోరు లక్షణములన్నియు వానియందు సంపూర్ణముగా నున్నవి. ధైర్యము, వాక్చాతుర్యము, గతమును తలచి వగవకుండుట, ఓటమిలో ఉల్లాసము, ఎదుటివాని మనస్సు నెరిగి మెలగుట, ఇందు దేనికిని కొదువలేదు. వాడే నేడుండినచో అట్టి గ్రంథము నొకదానిని వ్రాసి పలుమారులు ముద్రింపించి యుండును. కాని నాటకమంతయు వెదకినను వాడు దేనినైన విడిచిన ఘట్టము కానరాదు. ప్రతి మార్పును వానికి లాభమే. ప్రతి మార్పునకును వెల చెల్లించినది మఱియొకరే. లాభము నాశించుట పాపమని మేమనము. తన పాతమాటకు జవాబు చెప్పవలసిన చోటినుండి తప్పించుకొనుటకే వాడు మారుచున్నాడు, దోషమంతయు అందున్నది.

మధురవాణి నడక ఇందులకు విపరీతము. మగవేషముతో వచ్చి ఆమె సౌజన్యారావుగారికి చెప్పు మాటవలన లుబ్ధావధానులు హత్యానేరమునుండి బయటపడును. అందులకు ప్రతిఫలముగా ఒక్క ముద్దును కోరి, వేశ్యాస్పర్శను పాపముగా నెంచు ఆ పెద్దమనిషి ఎట్టకేలకు సమ్మతించినప్పుడు, తానే వలదని వెనుకకు తగ్గును. చెడనివారిని చెడగొట్టరాదన్న తల్లి బోధ ఆమెకు జ్ఞప్తికి వచ్చును. ఆ క్షణమున ఆమె గెలిచిన పందెమును వదలుకొన్నది. అది విడిచినది. నిలుపుకొన్నదేమి? వేశ్యయైన తల్లి చెప్పిన నీతి. సంస్కర్తలు పంకమని త్రోసివేసిన చోటనే ఆమెకు ఆ నీతి లభించినది. దానితోనే ఆమె పైకి లేచినది. పుట్టినచోటినంతయు తుడిచివైచినవారే మారగలరను మతమును ఈ యొక్క ఘట్టము ఖండించుచున్నది. గమనింపదగిన మఱియొక విశేషము: ఆమెతోపాటు సౌజన్యారావుగారును మారుదురు. వేశ్యలలో మంచివారుండరన్న నియమము ఆయనయందు సడలును. నిజముగా మారినవా రొక్కరున్నచోట ఎదుటివారు కూడ ఉన్నట్లే యుండజాలరు. గిరీశము ఎన్నిసార్లు మారినను ఎవ్వరిని మార్చలేకపోయెను.

ఈ నాటకమునకు గల రూపాంతరచరిత్రము కూడ మన ప్రశ్నకు సంబంధించినదే. నేడు మనము చదువునది 1897 నాటి ప్రతి కాదు. పేరువచ్చిన ఆ గ్రంథమును అప్పారావుగారు తిరుగవ్రాసి, మిక్కిలి పెంచి, 1909లో ఏడంకముల నాటకముగా రెండవమారు ప్రకటించిరి. మొదటి ప్రతిలో చిన్న పాత్రయైన మధురవాణి రెండవ ప్రతిలో నాటకమునకు వెన్నెముకయైనది. అప్పటికి గ్రంథకర్త వయస్సు నలుబదియారు దాటినది. మెప్పు పొందిన రచనను మెప్పుతోనే వదలివేయుట సులభము. అది చాలదని తోచినప్పుడు కూర్చుండి మరల వ్రాయుట కష్టము. కథను విడువలేదు, భాషను విడువలేదు, ఉద్దేశమును విడువలేదు. వానిని నిలుపుకొని, చూపును విశాలము చేసెను. మనుష్యుడు తన్ను తాను తిరుగవ్రాసికొనుట యనగా నిట్టిదని మా యభిప్రాయము. పాతప్రతిని తగులబెట్టుట కాదు. దానిని ముందు పెట్టుకొని, పంక్తి పంక్తికి జవాబు చెప్పికొనుచు వ్రాయుట.

అప్పారావుగారితో విజయనగరమున కలసి చదివిన గిడుగు వేంకటరామమూర్తిగారి జీవితము మనకు ఇంకను చేరువైనది. వీరు 1863 ఆగస్టు 29న వంశధారాతీరమున, ముఖలింగమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి ముప్పదేండ్లు పనిచేసిరి. 1900లో నౌపడనుండి టెక్కలిమీదుగా పర్లాకిమిడికి చిన్నరైలు పడినది. నేడు పెద్దపట్టాలపై నడచు ఆ మార్గమున పోవునప్పుడెల్ల, ఆ కొసనున్న ఊరిలో ఒక చరిత్రోపాధ్యాయుడు చేసిన పని మాకు తలపునకు వచ్చుచుండును. లోకము దృష్టిలో ఆయన ఎక్కడికి పోలేదు, ఏమియు కాలేదు; ఒక్క ఊరిలో, ఒక్క వృత్తిలో నిలిచిన మనిషి. అయినను మేమెరిగినంతలో ఆయనవలె మారినవారు అరుదు.

మొదటి మార్పు సవరల వలన కలిగినది. కొండలనుండి దిగివచ్చు ఆ జనుల భాష పర్లాకిమిడిలోని విద్యావంతులకు అర్థము లేని ధ్వని. వారిని నాగరికులను చేయవలెనని తలచినవారు అందరివలె, తెలుగు నేర్చుకొని రండని చెప్పియుండవచ్చును. రామమూర్తిగారు ఆ మాట చెప్పలేదు. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని తామే శిష్యులై సవరభాషను నేర్చిరి. లిపిలేని ఆ భాషలో పాఠ్యపుస్తకములు కూర్చి, సవర బాలుర కొరకు బడులు పెట్టించిరి. ఏండ్లు గడచిన పిమ్మట 1931లో సవరభాషావ్యాకరణమును, దాని వెనుక నిఘంటువులను మద్రాసు ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఉద్ధరింపబడవలసినవాడు మారవలెనని కోరుట సాధారణసంస్కర్త లక్షణము. ఉద్ధరింపవచ్చినవాడు ముందు తాను మారుట ఈయన లక్షణము. గురువు శిష్యుడై కూర్చుండుటకంటె ఉపాధ్యాయునకు కష్టమైన మార్పు లేదని ఇరువదేండ్ల అనుభవముతో చెప్పగలము.

రెండవ మార్పు నలుబదిమూడు నలుబదినాలుగేండ్ల వయస్సున వచ్చినది. 1906–07 ప్రాంతమున జె. ఏ. యేట్సు అను పాఠశాలల పరీక్షాధికారి ఈ జిల్లాలకు వచ్చి, తెలుగువారు మాటలాడు భాష యొకటి, పుస్తకములలోని భాష యొకటి యేల యని ప్రశ్నించెను. ఎందరో వినియుందురు, అది ప్రశ్నగా తోచక మరచియుందురు. రామమూర్తిగారికి, అప్పారావుగారికి అది నిద్ర చెరచిన ప్రశ్నయైనది. అటుపై వారు చేసినది గమనింపవలెను. ఏదియు చదువక, గ్రాంథికము నశించుగాక యని కేకలు వేయలేదు. పూర్వగ్రంథములను, వ్యాకరణములను, శాసనములను తిరుగవేసి, వ్యవహారభాష అన్ని కాలములందును వ్రాతలో నుండెనని ఉదాహరణములు చూపిరి. 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఆంగ్లమున విజ్ఞాపనమును ప్రకటించిరి. ముఖలింగమునందలి శిలాక్షరములను చదువుటకు తాము పడిన శ్రమయంతయు ఇక్కడ అక్కరకు వచ్చినది. గ్రాంథికమును సమర్థించు పండితుల వ్రాతలనే ఎత్తి, వారి సూత్రములచేతనే వారి తప్పులను చూపిరి. పాతవిద్యను పారవేసినవానికి ఇది సాధ్యమా? పాతవిద్యయందే మునిగినవానికి మాత్రము సాధ్యమా? విద్య నిలిచినది, విద్యవలని అహంకారము పోయినది.

గ్రాంథికచ్ఛాయ గల ఈ శైలిలో ఆయనను గూర్చి వ్రాయుట కొందరకు విపరీతముగా తోచవచ్చును. కాని ఆయన వైరము గ్రాంథికముతో కాదు. బాలుని నోటికి దానిని తాళముగా వేయుటతో. ఇష్టపడి పెద్దలు వ్రాసికొను శైలి యొకటి. పరీక్షలో పిల్లవాడు తన తల్లిభాషను వ్రాసినందుకు మార్కులు తగ్గించుట మఱియొకటి. ఈ భేదమును మరచినవారు ఆయనను పొగడినను లాభములేదు.

మార్పు అంటురోగము వంటిదని పైని సూచించితిమి. అందులకు సాక్ష్యముగా కందుకూరి వీరేశలింగము పంతులుగారు నిలుచుచున్నారు. జీవితమంతయు గ్రాంథికమున వచనము వ్రాసి, దానికి పేరుతెచ్చిన ఆ వృద్ధుడు, 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వ్యవహారభాషకై ఏర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. అప్పటికి వయస్సు డెబ్బది. మేనెలలో మరణించిరి. మూడు నెలల కొరకు మారుట యెందులకని లౌకికుడు ప్రశ్నించును. తాను నిర్మించిన యింటి గోడను తానే విప్పుటకు మూడు దినములున్నను చాలునని ఆయన తలచెను కాబోలు.

వెల చెల్లించినదెవరు? రామమూర్తిగారి విషయమున దీనికి సమాధానము సులభము. ఉద్యోగమునుండి 1911లో విరమించి, విశ్రాంతిని విడిచి, ఊరూర వాదములు చేసి, స్వంతధనముతో పత్రిక నడిపి, నిందలు పడిరి. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేర్పబడినప్పుడు, ఆ ఏర్పాటును ప్రతిఘటించిన ఆయన, డెబ్బదిరెండేండ్ల వయస్సున, అర్ధశతాబ్దికి మించి కాపురమున్న ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిరి. 1940 జనవరి 22న మరణించిరి. ఆయన పుట్టినదినమును నేడు తెలుగుభాషాదినముగా జరుపుచున్నాము. దండలు వేయుట మంచిదే. దండ వేసిన చేతితోనే బాలుని యాసను అపహసించుట మానవలెను.

ఇక్కడ మాకు తెలిసిన యొక దృశ్యమును చెప్పెదము. పలాసలో రైలు దిగిన యువకు డొకడు, నగరమున రెండేండ్లుండి వచ్చినవాడు, తన కొరకు వచ్చిన తల్లితో మాటలాడుట వింటిమి. ఆమె "ఏటిరా అయ్యా, ఇలగ చిక్కిపోనావు" అనగా, ఆ కుర్రవాడు చుట్టును చూచి, మెల్లగా మాటలాడుమని ఆమెను హెచ్చరించెను. వాని దుస్తులు మారినవి, నడక మారినది. అందులకు మాకు సంతోషమే. కాని ఆ హెచ్చరికవలన వాడు పొందిన దేమో మాకు తెలియదు. ఆ తల్లి ముఖమున పోయినదేమో మేము చూచితిమి. తప్పు వానిదని మేమనము. మన చలనచిత్రములలో శ్రీకాకుళపు పలుకు నవ్వించు పాత్రకును, పనివానికిని మాత్రమే కేటాయింపబడియున్నంతకాలము, ఆ పిల్లవాడు సిగ్గుపడుట ఆశ్చర్యము కాదు. మారుమని వానికి చెప్పినవారు, వాని తల్లి నోటినే ముందుగా మూయుమని నేర్పిరి.

ఒక యాక్షేపము రావచ్చును. గిడుగువారికి విడుచుటకు హోదా యుండెను. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టు కూలివాని బిడ్డకు విడుచుట కేమున్నది? ఆకలిగొన్నవానికి మార్పు విలాసము కాదు, అన్నము. ఈ యాక్షేపము బలమైనది. దీనికి మా సమాధానము పుస్తకములలో లేదు. ఉద్దానపు తోటలలో నున్నది. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదందురు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినప్పుడు, తరములు పెంచిన కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలగూలినవి. రైతునకు తెలిసిన భేదమొకటి అప్పుడు కంటికి కట్టినది. జీడిచెట్టు కొమ్మలు విరిగినను, మొదలు బ్రతికియున్నచో మోడునుండి చిగురు వేయును. కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది విరిగినచో చెట్టు నిలిచియున్నను చచ్చినట్లే. మనిషిలోను విరిగినను చిగురించు కొమ్మలున్నవి. విరువరాని మొవ్వు ఒకటి యున్నది. వృత్తి, ఊరు, దుస్తులు, అలవాటులు, నమ్మకములు సైతము కొమ్మలు. తనవారితో మాటలాడగలుగుట మొవ్వు. పేదవాని బిడ్డ కొమ్మలన్నిటిని మార్చుకొనుగాక. అందులకు మనము నిచ్చెన పట్టవలెను. ఏమియు లేనివానికి ఉన్న యొక్క మొవ్వును వెలగా అడుగు విద్య విద్య కాదు.

పలాసకు సంబంధించిన మఱియొక మహామార్పును కూడ విచారింపవలెను. గిడుగువారు మరణించిన రెండు నెలలకు, 1940 మార్చిలో, అఖిలభారత కిసాన్ సభ పలాసలో జరిగినది. దానికి అధ్యక్షుడుగా ఎన్నుకొనబడినవాడు రాహుల్ సాంకృత్యాయనుడు. సభకు ముందే ప్రభుత్వము ఆయనను నిర్బంధించినందున ఆయన పలాసకు రాలేకపోయెను. వయస్సు అప్పటికి నలుబదియారు. ఆ నలుబదియారేండ్లలో ఆయన ఎన్ని జన్మములెత్తెనో చూడుడు. ఆజంగఢ్ జిల్లాలో 1893లో పుట్టినప్పుడు కేదారనాథ పాండేయుడు; యౌవనమున వైష్ణవమఠమున సాధువు; పిదప ఆర్యసమాజి; సహాయనిరాకరణకాలమున కారాగారవాసి; సింహళమున సంస్కృతోపాధ్యాయుడు; 1930లో రాహులుడను పేర బౌద్ధభిక్షువు; టిబెట్టునకు నాలుగుమారులు పోయి, భారతమున నశించిన సంస్కృతతాళపత్రముల జాడ తెలిసికొన్న అన్వేషకుడు; తుదకు రైతుల పక్షమున నిలిచిన సామ్యవాది.

ఇన్ని మార్పులు గల మనిషిని గిరీశమునకు జ్ఞాతియని ఎందు కనరాదు? మా కొలతతో చూతము. ప్రతి మలుపునందును ఆయన ఒక గౌరవస్థానమును విడిచెను. పొందినది తరచు కారాగారము. నిలుపుకొన్నది సంస్కృతవిద్య, తిరుగుట, వ్రాయుట. మఠమున నేర్చినది సింహళమున పనికివచ్చినది. సింహళమున నేర్చిన పాలి టిబెట్టు యాత్రలకు త్రోవ చూపినది. బుద్ధుడు చెప్పిన తెప్ప దృష్టాంతము ఆయనకు ప్రియమైనది. ఏరు దాటుటకు తెప్ప కావలెను గాని, దాటిన పిమ్మట దానిని నెత్తిన పెట్టుకొని నడువరాదని దాని భావము. అభిప్రాయములును అట్టివేయని ఆయన తలంపు. ఇది గంభీరమైన మాట. కాని బారువ, భావనపాడు తీరములలో కొయ్యతెప్పలతో వేటాడినవారు దీనికొక సవరణ చెప్పుదురు. నేడు ఫైబరు పడవలు వచ్చి ఆ తెప్పలు అరుదైనవి. అయినను వృద్ధులకు జ్ఞాపకమున్నది. వేటనుండి వచ్చిన బెస్తవాడు తెప్పను నెత్తిన పెట్టుకొనడు, నీటిలో విడిచిపెట్టడు. ఇసుకమీదికి లాగి, కట్లు విప్పి, దుంగలను ఎండబెట్టును. మరునాడు అవే దుంగలు, క్రొత్త కట్లు. రాహులుడు చేసినదియు నిజమున కిదే. దుంగలు పాతవి, కట్టు క్రొత్తది.

అయితే మూడవ ప్రశ్న ఇంకను మిగిలియున్నది. చిన్ననాడు పెద్దలు చేసిన పెండ్లిని రాహులుడు తనదిగా నంగీకరింపక ఇల్లు విడిచెను. బాల్యవివాహము దురాచారమనుట నిస్సంశయము. దానిని త్రోసిపుచ్చుటకు ఆయనకు హక్కు కలదు. కాని ఆ దురాచారమునకు లోబడిన రెండవ ప్రాణి, ఆ బాలిక, ఏ సన్న్యాసమును, ఏ యాత్రను, ఏ నూతననామమును పుచ్చుకొనుటకు వీలులేక మిగిలిపోయినది. తరువాత లెనిన్‌గ్రాడునందు ఆయనకు భార్యయు కుమారుడును ఉండిరి. వారును వెనుకనే మిగిలిరి. ఆయన మహత్త్వమును తగ్గించుటకు దీనిని చెప్పుటలేదు. మహాపురుషుల పునర్జన్మములను కీర్తించునప్పుడు, ఆ జన్మములకు ప్రసవవేదన పడినవారిని లెక్కలో చేర్చవలెనని మాత్రమే చెప్పుచున్నాము. బుచ్చమ్మను తలచిన అప్పారావుగారి పాఠకునకు ఈ మాట క్రొత్తది కాదు.

ఈ ప్రశ్నకు అతిప్రాచీనమైన సాక్ష్యము మన కళింగములోనే రాతిపై చెక్కబడియున్నది. అశోకుని పదుమూడవ శిలాశాసనము, కళింగయుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షన్నర మంది చెరగొనిపోబడిరనియు, అందులకు రాజు పశ్చాత్తాపపడెననియు చెప్పును. మారిన మనుష్యుడు తన మార్పును తానే చెప్పుకొన్న రచనలలో ఇంత ప్రసిద్ధమైనది మన దేశమున మఱియొకటి లేదు. అయినను ఆ శాసనము కళింగమున లేదు. ధౌలిలోను, గంజాము జిల్లాలో ఋషికుల్యాతీరమున నున్న జౌగడలోను దానిని విడిచి, దాని స్థానమున వేరు శాసనములు రెండు చెక్కించిరి. అందు పశ్చాత్తాపకథ లేదు. అకారణముగా ఎవరిని చెరపెట్టరాదు, హింసింపరాదు, పక్షపాతము చూపరాదని అధికారులకు ఆజ్ఞలున్నవి. ఇది సిగ్గువలన జరిగెనా, రాజనీతివలన జరిగెనా యని పండితులు చర్చింతురు. మాకు తోచిన యర్థ మిది: వెల చెల్లించినవారి ముందు మారినవాని ఆత్మకథ నిరుపయోగము. కొడుకును పోగొట్టుకొన్న కళింగుని తల్లికి రాజు మనస్సు ఎట్లు మారినదో అక్కరలేదు. రేపు తన రెండవకొడుకును ఎవడును కారణము లేక కట్టివేయకుండిన చాలును. మార్పును దూరమువారికి చెప్పవచ్చును, దగ్గరవారికి చూపవలెను.

కావున వికాసగ్రంథములు చదువుచున్న యువజనులకును, వానిని కొనియిచ్చుచున్న తలిదండ్రులకును మా మనవి యిది. మారుడు, ఎన్నిమారులైనను మారుడు, నలుబదేండ్లు దాటినదని వెనుదీయకుడు, డెబ్బదేండ్ల వృద్ధుడు వెనుదీయలేదు. కాని మారితినని మీరు చెప్పుకొనుట మాకు ప్రమాణము కాదు. మీ పాతయూరివారు, మీ అప్పులవారు, మీ యింటివారు చెప్పవలెను. ఉపాధ్యాయులమైన మన వంతు కూడ కలదు. తరగతిలో ఉద్దానపు బాలుడు "ఏటి" అన్నప్పుడు నవ్వినవారిని మందలించి, ఆ మాటను నల్లబల్లపై వ్రాసి, అది ఎక్కడనుండి వచ్చినదో విచారింతము. పర్లాకిమిడి పంతులుగారు సవరవాని ముందు కూర్చుండి చేసిన పని అదియే. బాలుని మార్చుటకు జీతము పుచ్చుకొనుచున్న మనము, వానివలన మారుటకు సిద్ధముగా లేనిచో, వానికి నేర్పగలది వేషము మాత్రమే.